టీబీ, ఎనిమిది వేలు, ఒక పత్తి పంట

పీహెచ్‌డీలో చేరినప్పుడు సీనియర్లు చాలా జాగ్రత్తలు చెప్పారు. గైడ్‌తో ఎలా మసలుకోవాలి, ఆర్‌ఏసీ అనే పరిశోధన సలహా కమిటీ ముందు ఎంతవరకు మాట్లాడాలి, ఏ సెక్షన్‌లో ఏ సారు మధ్యాహ్నం టీ తర్వాతే సీట్లో దొరుకుతాడు, అన్నీ. ఒళ్లు బాగాలేకపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వాళ్లకూ తెలిసిందేమీ లేదని తర్వాత అర్థమైంది.

మాది గద్వాల దగ్గర ఊరు. అమ్మ సీడు పత్తి చేలల్లో కూలీ. నేనూ పదో తరగతి దాకా, సెలవుల్లోనే కాదు, బడి ఉన్న రోజుల్లో కూడా క్రాసింగుకు పోయినదాన్నే. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గలు విప్పి, లోపలి కేసరాలను గోటితో గీకి తీసేయాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఒక్కో మొగ్గా చేత్తోనే. కంపెనీ ఆర్గనైజర్‌కి అడ్వాన్స్ ఇస్తుంది, ఆర్గనైజర్ రైతుకి ఇస్తాడు, రైతు కూలీకి ఇస్తాడు. విత్తనం జీఓటీలో, అంటే నాటి పెంచి జాతి స్వచ్ఛత చూసే పరీక్షలో, ఫెయిలైందంటే పైనుంచి రావాల్సిన డబ్బు ఆగిపోతుంది, కింద తీసుకున్న అప్పుకు మాత్రం వడ్డీ ఆగదు. నా పీహెచ్‌డీ దీని మీదే, సోషియాలజీలో, హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కదాన్నే. మా మాదిగ వాడలో పీహెచ్‌డీ సీటంటే డాక్టరు కోర్సనుకుని మోకాళ్ల నొప్పులకు మందు అడిగినవాళ్లూ ఉన్నారు.

డబ్బు సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే రోగం సంగతి దాంతోనే మొదలవుతుంది. జేఆర్‌ఎఫ్ (నెట్ అనే జాతీయ పరీక్షలో బాగా మార్కులొస్తే ఇచ్చే ఫెలోషిప్) వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. అది రాకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరిన నాలాంటివాళ్లకు నాన్-నెట్ ఫెలోషిప్, నెలకు 8,000. ఆ ఎనిమిది వేలు పెరగక పదేళ్లు దాటింది. 2015లో అది కూడా తీసేస్తామంటే ఢిల్లీలో విద్యార్థులు విశ్వవిద్యాలయాల నిధులు చూసే యూజీసీ ఆఫీసు ముందు బైఠాయించి నిలబెట్టుకున్నారు. ఒకే మెస్సులో, ఒకే బల్ల మీద, ఒకే పప్పు తింటాం. ఆ పప్పు తర్వాత ఎవరు బయటికెళ్లి చికెన్ తిని వస్తారో, ఎవరు గది తలుపేసుకుని నీళ్లు తాగి పడుకుంటారో మాత్రం ఫెలోషిప్‌ను బట్టి ఉంటుంది. నేను ఆ ఎనిమిది వేలలో సగం ఇంటికి పంపేదాన్ని. మధ్యాహ్నం లైబ్రరీలో ఉండిపోతే మెస్సులో ఒక పూట కట్ వేయించుకోవచ్చు, బిల్లు తగ్గుతుంది. చాలామందిమి అదే చేసేవాళ్లం. దాన్ని పస్తుండటం అని ఎవరూ అనుకోరు. చదువు మీద శ్రద్ధ అనుకుంటారు.

దగ్గు వానాకాలంలో మొదలైంది. హెల్త్ సెంటర్‌లో అజిత్రోమైసిన్, సిరప్ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి దిండు తడిసిపోయేది. రెండోసారి వెళ్తే ఎలర్జీ మాత్రలు. మూడోసారి డాక్టర్ గారు నా ఐడీ కార్డు చూసి, "పీహెచ్‌డీనా? స్ట్రెస్సమ్మా, అందరికీ ఇదే" అని కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆమె మంచిమనిషి. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి, నాలుగు అంకెలు లెక్కపెట్టి వదలమంది. పీల్చగానే దగ్గు తెర వచ్చి ఐదు నిమిషాలు ఆగలేదు. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆమె మంచినీళ్లిచ్చింది. స్ట్రెస్ లేదని నేనూ అనను. కానీ యూనివర్సిటీలో ఆ మాట చాలా సౌకర్యంగా తయారైంది. ఏ రోగానికైనా దాన్ని అంటిస్తే ఎక్స్‌రే రాయక్కర్లేదు.

చివరికి మా ఊరి పక్క ఊరమ్మాయి, నర్సింగ్ చేస్తోంది, ఫోన్లో నా దగ్గు విని, "అక్కా, రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించుకోవాలె, గది గోడ మీద రాసిపెట్టరా మీ కాడ?" అంది. దగ్గర్లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఫీజు లేదు, ప్రశ్నలు లేవు. రెండు డబ్బాలు ఇచ్చారు: ఒకటి అక్కడికక్కడే, రెండోది తెల్లారి లేవగానే పళ్లు తోముకోకముందు. "ఉమ్మి కాదు, లోపల్నుంచి రావాలి" అని ల్యాబ్ ఆవిడ తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది. టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ మిషన్‌లో పెట్టారు. పాజిటివ్. మందు పనిచేయని రకం కాదు, అది నయం. టీబీ అని తేలిన ప్రతివాళ్లకూ చేసేవే అంటూ హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలు కూడా చేసి, నిక్షయ్ అనే పోర్టల్లో పేరెక్కించి, ఒక నంబర్ ఇచ్చారు. బరువు చూస్తే 41 కిలోలు. ఈ జబ్బు మందులు బరువును బట్టే ఇస్తారు. 35 నుంచి 49 కిలోల వాళ్లకు మూడు మాత్రలు, 50 నుంచి 64 దాకా నాలుగు. నాకు మూడు.

ఆ మూడు మాత్రల గురించి కాస్త చెప్పాలి. ఇటుక రంగులో, బొటనవేలి గోరంత ఉంటాయి. ఒక్కో మాత్రలో నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. రెండు నెలలు ఈ నాలుగూ, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. పరగడుపున ఒకేసారి వేసుకోవాలి. గంటలోపే కడుపులో తిప్పడం మొదలవుతుంది, నోరంతా ఇనుము నాకినట్టు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రిఫాంపిసిన్ వల్ల, భయపడొద్దని ఆశా వర్కర్ ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే, చూపు మసకబారితే వెంటనే రమ్మంది, అది ఇథాంబుటాల్ చేసే పని. చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కకుండా బీ6 మాత్ర వేరే ఇచ్చింది. కీళ్ల నొప్పులు మాత్రం తప్పలేదు. మొదటి రెండు నెలలు హాస్టల్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాను. పెన్ను పట్టుకుంటే వేళ్ల కణుపులు సలిపేవి. ఇదంతా పుస్తకాల్లో దుష్ప్రభావాలు అని ఒక్క లైనులో ఉంటుంది.

టీబీ అని తెలిసిన సాయంత్రమే హాస్టల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. గది ఖాళీ చేసి ఇంటికి వెళ్లాలట, అందరి మేలు కోసం. రూమ్మేట్లిద్దరికీ పరీక్షలు చేయించాలని నేనే ముందు అడిగాను. ఆరోగ్య కేంద్రం వాళ్లు వచ్చి చేశారు, ఇద్దరికీ ఏమీ లేదు. మందు మొదలుపెట్టాక, అది పనిచేస్తుంటే, సుమారు రెండు వారాల్లో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుందని డాక్టర్ చీటీ కూడా రాసిచ్చారు. వార్డెన్ మేడమ్ చీటీ చదివి, "ఇది నాకు కాదు, పేరెంట్స్‌కి ఎవరు చెప్తారు?" అన్నారు. ఎవరి పేరెంట్స్ అని నేను అడగలేదు. మా అమ్మకైతే ఆ ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు.

ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో అనేవాళ్లకు ఇల్లంటే గదులుంటాయి. మాది ఒక్క గది, ముందు రేకుల పంచ. అమ్మ, తమ్ముడు, చెల్లెలు, అక్క వాళ్ల మూడేళ్ల పిల్లగాడు అక్కడే పడుకుంటారు. ఆ పిల్లగాడి పక్కన నేను దగ్గుతూ పడుకోవాలా? హాస్టల్లో థీసిస్ చివర్లో ఉన్న ఒక అక్కకు సింగిల్ రూమ్ ఉంది, కిటికీలు రెండు వైపులా. "నాకెలాగూ నిద్ర లేదు, లైబ్రరీలోనే ఉంటా, ఆ మూల బల్ల మీద పడుకుంటా. నువ్వు వచ్చి తలుపు వేసుకో" అని తాళం చేతిలో పెట్టింది. ఇద్దరమూ గదులు మార్చుకున్నట్టు రిజిస్టర్‌లో రాసుకున్నాం, ఆఫీసు ఊరుకుంది. రూల్ లేని చోట మనుషులు ఇలా సర్దుకుపోతారు, ఆ సర్దుబాటు చూపించి రూల్ అక్కర్లేదంటారు.

డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్, పాపం నిజంగానే ఆశ్చర్యపడి, "టీబీనా? ఈ రోజుల్లో చదువుకున్నవాళ్లకు కూడా వస్తుందా?" అన్నారు. చదువుకు ఊపిరితిత్తుల్లో ఏ పాత్రా లేదు, తిండికే ఉంది. జార్ఖండ్‌లో రేషన్స్ పేరుతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2023లో లాన్సెట్‌లో వచ్చింది. టీబీ రోగుల కుటుంబాలకు నెలనెలా అదనపు తిండి సరుకులు ఇస్తే, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. టీకా కాదు, కొత్త మందు కాదు. బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు. నేను ఆ పేపర్‌ను చదివింది మంచం మీద, మెస్సు నుంచి స్నేహితులు తెచ్చిన చారన్నం పక్కన పెట్టుకుని. సోషియాలజీ వాళ్లం రోజూ వాడే పెద్ద పెద్ద పదాలన్నీ ఆ ఒక్క పట్టికలో ఉన్నాయనిపించింది.

ప్రభుత్వం కూడా ఆ మాట ఒప్పుకున్నట్టే. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి టీబీ రోగికి తిండి కోసం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేశారు. నాకూ వచ్చింది, నాకంటే ముందు అమ్మకు తెలిసింది. ఆధార్‌కి లింకై ఉన్నది ఊళ్లో ఖాతా, దాని కార్డు అమ్మ దగ్గరుంటుంది. "బిడ్డా, నీ అకౌంట్ల పైసలు పడ్డయి. స్కాలర్‌షిప్పు అనుకొని గ్రూపు కిస్తీ కట్టేసిన" అంది. నేను గుడ్లు తినాల్సిన డబ్బు డ్వాక్రా సంఘం బుక్కులో జమైంది. కోపం రాలేదు. కిస్తీ ఆగితే మిగతా తొమ్మిదిమంది ఆడవాళ్లు వచ్చి మా గడప ముందు కూర్చుంటారు, ఆ సంగతీ తెలుసు.

అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి రెండే అడిగేది: "తిన్నవా? మందులేసుకున్నవా?" మూడోది గొంతు తగ్గించి, "ఎవలకన్న చెప్పినవా?" ఊళ్లో టైఫాయిడ్ అని చెప్పింది. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. పైగా టీబీ ఇల్లని తెలిస్తే క్రాసింగ్‌కు పిలిచే మేస్త్రీ కూడా వెనకాడతాడు, కూలీలు ఒకే ఆటోలో కుక్కుకుని పోతారు కదా. వార్డెన్ మేడమ్ మాటకూ మేస్త్రీ మాటకూ పెద్ద తేడా లేదు, మేస్త్రీ దగ్గర లెటర్‌హెడ్ ఉండదు, అంతే.

ఇక ఫైలు. ఫెలోషిప్‌లో ఉన్న స్కాలర్‌కు ఏడాదికి 30 రోజుల సెలవు. ప్రసవానికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల దాకా ఇవ్వొచ్చని యూజీసీ 2022 నిబంధనల్లో ఉంది, మంచి మాటే. వైకల్యం 40 శాతం దాటినవాళ్లకు, మహిళలకు గడువులో రెండేళ్లు అదనం. నాది ప్రసవం కాదు, వైకల్యం కాదు. ఆరు నెలలు మందులు మింగితే పోయే జబ్బు. 30 రోజులకు ఎక్కువ, మిగతావాటికి తక్కువ. సెక్షన్‌లో సారు ఫారం అటూ ఇటూ తిప్పి, "దీనికి కాలమ్ లేదమ్మా" అన్నారు. మా యూనివర్సిటీలో ఉన్న దారి ఒక్కటే: ఫెలోషిప్ వదులుకుని సెలవు పెట్టడం. అంటే బాగా తినమని డాక్టర్ చెప్పిన ఆరు నెలలూ ఎనిమిది వేలు కూడా రావు.

నేను ఫెలోషిప్‌తో కూడిన మెడికల్ లీవ్ కావాలని అర్జీ పెట్టాను. గైడ్ ఫార్వర్డ్ చేయాలి, హెడ్ రికమెండ్ చేయాలి, డీన్ చూడాలి, అకడమిక్ సెక్షన్ పరిశీలించాలి, ఫైనాన్స్ అభిప్రాయం చెప్పాలి. కీళ్ల నొప్పులతో అడ్మిన్ బిల్డింగ్ మూడంతస్తులు ఎక్కి దిగిందే నా ఫిజియోథెరపీ. ఒకచోట, "మీకు గవర్నమెంట్ అన్నీ ఇస్తూనే ఉంది కదా, ఇంకా ఏం కావాలి?" అన్నారు. ఈ "మీకు" అంటే ఏమిటో వినేవాళ్లకూ తెలుసు, అనేవాళ్లకూ తెలుసు, ఫైలు మీద మాత్రం ఎక్కడా ఉండదు. ఈలోగా ఆర్‌ఏసీ ప్రజెంటేషన్ తప్పింది కాబట్టి ప్రోగ్రెస్ రిపోర్ట్ లేదని ఫెలోషిప్ ఆగింది. జబ్బు చేసిందని సెలవు అడిగితే ఇవ్వలేదు, సెలవు లేకుండా రాలేదని డబ్బు ఆపారు. రెండూ రూల్ ప్రకారమే.

ఆగిన ఫెలోషిప్ అనేసరికి మా తరం స్కాలర్లకు ఒకటే గుర్తొస్తుంది. 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ స్కాలర్ రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లెక్క రాసి, అది కుటుంబానికి అందేలా చూడమన్నాడు. అంతటి ఉత్తరంలో ఆ లెక్క ఎందుకుందో, హాస్టల్ బకాయిల లిస్టులో తన పేరు చూసుకున్నవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

నా గైడ్ గురించి న్యాయంగా చెప్పాలి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "చాప్టర్ తర్వాత ఇద్దువు, ముందు ఆరోగ్యం చూసుకో" అన్నారు, ఒకసారి ఆపిల్ పళ్లు పంపించారు. అర్జీ ఫార్వర్డ్ చేసేటప్పుడు మాత్రం "సానుభూతితో పరిశీలించగలరు" అని రాశారు. ఆ వాక్యం తీసేసి "నిబంధనల్లో చోటు కల్పించాలి" అని రాయమని అడిగాను. ఆయన కొంచెం నొచ్చుకున్నారు. సానుభూతి అయితే మంచి గైడ్ ఉన్నవాళ్లకే దొరుకుతుంది సార్, అన్నాను. మార్చలేదు, కానీ కింద నేను వేరే కాగితం జతచేస్తే అభ్యంతరం పెట్టలేదు.

ఆ రోజుల్లో గది ఇచ్చిన అక్క ఒక సంగతి చెప్పి నవ్వించింది. అంబేడ్కర్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద కొలంబియాకు వెళ్లాడు, నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లకు. తర్వాత లండన్‌లో చేరితే స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో చదువు మధ్యలో తిరిగి రావాల్సి వచ్చింది. నాలుగేళ్లలోపు వచ్చి పూర్తిచేసుకోవచ్చని అనుమతి ఇచ్చారు. కొంత సొంతంగా కూడబెట్టుకుని, కొంత సాయం, అప్పు తీసుకుని 1920లో మళ్లీ వెళ్లాడు. "చూశావా, బాబాసాహెబ్‌కే ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు, డబ్బు మాత్రం ఇవ్వలేదు. వందేళ్లయినా అదే జీవో నడుస్తోంది" అంది.

మాకూ అంతే. రిజిస్ట్రేషన్ ఆరేళ్లు, పైన రెండేళ్లు, ఆడవాళ్లకు ఇంకో రెండేళ్లు. మా దగ్గర నాన్-నెట్ డబ్బు నాలుగేళ్లతో సరి. మిగతా కాలం గెస్ట్ లెక్చరర్‌గానో, కోచింగ్ సెంటర్‌లోనో పనిచేసుకుంటూ రాయాలి. ఇంట్లో ఉన్నవాళ్లకు పొడిగింపు ఊరట, లేనివాళ్లకు ఇంకొన్నేళ్లు జీతం లేకుండా ఉండటానికి ఇచ్చిన అనుమతి.

నా లెక్కలో ఇంకో చిక్కు ఉంది, అది ఏ కమిటీకీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. క్రాసింగ్ ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. ఆగస్టు, సెప్టెంబర్ దాటి అక్టోబర్ దాకా పూత ఉన్నంతకాలమే. నేను ఆ పనిని, ఆ కూలీలను చూసి రాయాలి. పూత మొదలయ్యే వేళకు నేను మంచం పట్టాను, లేచేసరికి చేలల్లో పత్తి ఏరుతున్నారు. మందులు ఆరు నెలలే, ఫీల్డ్‌వర్క్ పోయింది ఏడాది. "ఆరు నెలల జబ్బుకు ఏడాది ఎందుకు అడుగుతున్నారు?" అని కమిటీలో ఒకరు అడిగారు. పత్తి మొక్కకు నోటీసు పంపలేం కదా సార్, అనాలనిపించింది. అనలేదు. సీజన్ వివరాలతో ఒక పేజీ రాసిచ్చాను, కింద వ్యవసాయ శాఖ పంట క్యాలెండర్ అతికించాను. దానితోనే ఆగిన ఫెలోషిప్ వదిలారు. సెలవు కింద కాదు, "ఫీల్డ్‌వర్క్ రీషెడ్యూల్" కింద. జబ్బు మాట ఆ ఆర్డర్‌లో ఎక్కడా లేదు.

కోర్సు పూర్తయింది. చివరి తెమడ పరీక్ష నెగెటివ్. బరువు 47. మరుసటి సీజన్‌లో గద్వాల చేలకు వెళ్లాను, మాస్క్ పెట్టుకునే. పురుగుమందు కొట్టిన చేలో అదే రోజు క్రాసింగ్ చేస్తున్న పదమూడేళ్ల పిల్లలను చూశాను, వాళ్లకు మాస్కులు లేవు. అమ్మ వయసు ఆడవాళ్లు మధ్యమధ్య ఆగి దగ్గుతుంటే నోట్‌బుక్ పక్కన పెట్టి ఎన్నాళ్లుగా అని అడగడం అలవాటైంది. ముగ్గురిని పీహెచ్‌సీకి పంపాను. ఒకామె వెళ్లలేదు, కూలీ పోతుందని. ఇది థీసిస్‌లో ఏ చాప్టర్ కిందికి వస్తుందని గైడ్ అడిగారు. ఇంకా తేల్చుకోలేదు.

యూనివర్సిటీలో ఆ జతచేసిన కాగితం మాత్రం చావలేదు. దాన్ని పట్టుకుని మేం కొంతమందిమి కలిశాం: కామెర్లతో సెమిస్టర్ పోయినవాడు, సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న ఆదిలాబాద్ ఆదివాసీ అమ్మాయి, డిప్రెషన్ మందులు వాడుతూ ఆ సంగతి గైడ్‌కి చెప్పలేనివాడు, డయాలసిస్‌కు వెళ్తూ అటెండెన్స్ సంతకాలు పెట్టే అన్న. దీర్ఘకాలిక జబ్బుకు ఫెలోషిప్‌తో సెలవు, ఆ కాలాన్ని గడువులోంచి మినహాయించడం, మెస్సులో డాక్టర్ రాసిన రోగికి అదనపు గుడ్డు, పాలు ఉచితం, హాస్టల్లో రెండు ఐసొలేషన్ గదులు. నాలుగే అడిగాం. అలాంటి కేసులు ఎన్ని ఉన్నాయో డేటా ఇవ్వమన్నారు. హెల్త్ సెంటర్‌లో అడిగితే దగ్గు, జ్వరం, కడుపునొప్పి అని ఓపీ రిజిస్టర్ ఉంది, ఎవరి చదువు ఎన్నాళ్లు ఆగిందో రాసే చోటు అందులో లేదు. అందుకని మేమే ఒక ఫారం తయారుచేసి హాస్టల్ హాస్టల్‌కూ తిప్పుతున్నాం. పేరు రాయక్కర్లేదు. ఫెలోషిప్ ఏది, ఇంట్లో మొదటి తరం చదువా, జబ్బు ఏది, ఎన్ని నెలలు, ఎవరికి చెప్పారు, చెప్పాక ఏమైంది. లేడీస్ హాస్టల్ నుంచి ఎక్కువ వస్తున్నాయి. మంగళవారం డీన్‌తో మీటింగ్. రెండు సెట్లు జిరాక్స్ తీసుకురమ్మన్నారు, స్పైరల్ బైండింగ్‌తో. ఆ ఖర్చుకు చందా వేసుకుంటున్నాం, జేఆర్‌ఎఫ్ వాళ్లు వంద, మేం ఇరవై.